కంటి తూకం

గ్రిమ్స్‌బీ ఆసుపత్రి వెనక రంగు వెలిసిన గది.
సోమవారం తొమ్మిదింటికి ఎనిమిదిమందిమి,
ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలు.
బల్ల మీద రబ్బరు బఠాణీలు, రబ్బరు అన్నం,
చీమ కూడా మోసపోని రబ్బరు కేకు ముక్క.

"పేరు, ఎన్నేళ్ల నుంచి" అంది నర్సు బ్రోనా,
పెళ్లయి ఎన్నేళ్లని అడిగినట్టు.
రేవులో క్రేను నడిపే విల్ఫ్‌కి నలభై ఒకటి.
పియానో నేర్పే ఒడెట్‌కి పద్దెనిమిది.
కెరన్ వయసు పంతొమ్మిది, జబ్బు వయసు ఏడు నెలలు.
టోపీ కళ్ల మీదికి లాక్కుని
ఆ సంగతి గోడకి చెప్పాడు.
నాకు ఇరవై మూడు.
చేపల షెడ్డులో కత్తి పట్టిన ఏడాదే
సూదీ పట్టాను.

ఇన్నాళ్లూ డాక్టరు రాసిన అంకెకి తిన్నాను.
ఆకలున్నా లేకున్నా పన్నెండున్నరకి తినాలి,
లేకపోతే
మందు ముందే లోపల కూర్చుని
కంచం కోసం బల్ల చరుస్తుంది.

బ్రోనా వరుస తిరగేసింది.
ముందు కంచం, దాన్ని బట్టి సూది.
పిండిపదార్థం పది గ్రాములైతే ఒక వంతు.
అదే రొట్టె ముక్క
విల్ఫ్‌కి మూడు యూనిట్లు, నాకు రెండు.
ఎవరి ఒళ్లు వాళ్ల తక్కెడ.

మంగళవారం ఉడికిన బంగాళాదుంప.
ముట్టకుండా బరువు చెప్పాలి.
నేను చేపని అరచేతిలో వేసుకుంటే
పది గ్రాముల తేడా రాదు,
షెడ్డులో నా చేతి మీద పందేలు కాసేవాళ్లు.
"చేపకి లెక్క లేదు," అంది బ్రోనా,
"పైన పూసిన పిండికే."
చాలాసేపు నవ్వాను.
నాకు తెలిసిన ఒకే ఒక్క బరువు
ఇక్కడ సున్నా అట.

దుంప నూట ఇరవై అన్నాను.
తక్కెడ రెండొందల పది అంది.
ఆ తొంభై గ్రాముల్లో
ఎన్ని పొద్దులు నాలుక పిడచకట్టి లేచానో.

బుధవారం రాత్రి మూడింటికి
అందరం లేచి వేలు పొడుచుకోవాలి.
సముద్రం గాలికి కిటికీ రెక్క కొట్టుకుంటోంది.
ఊళ్లో ఇంకో ఏడు దీపాలు
ఎక్కడో వెలిగే ఉంటాయి.
నెత్తుటి బొట్టు ఎప్పటిలాగే చిన్నది.

గురువారం, బీరు మీద పాఠం మధ్యలో
కెరన్ మాట ముద్దయింది.
టోపీ అంచు తడిసింది, పెన్ను జారింది.
బ్రోనా లేచేలోపే
ఏడు జేబులు తెరుచుకున్నాయి.
గ్లూకోజు బిళ్లలు, జెల్లీ బొమ్మలు,
ఒడెట్ సంచిలోంచి సొట్టపడ్డ పండ్లరసం డబ్బా,
విల్ఫ్ కోటు లోపలి జేబులోంచి
కాగితం అంటుకుపోయిన ఏనాటిదో పిప్పరమెంటు.
ఎవరూ అయ్యో అనలేదు.
పావుగంటకి వాడు తేరుకుని
ఎదురుగా తీపి కుప్ప చూసి
"ఎవరి పుట్టినరోజు?" అన్నాడు.
టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.
ఎర్ర జుట్టు, మేం చూడనేలేదు.

శుక్రవారం క్యాంటీన్లో
రూబార్బ్ క్రంబుల్, పైన కస్టర్డ్.
పదిహేడో ఏట వాళ్లమ్మ విల్ఫ్ ముందు నుంచి
తీసేసిన గిన్నె అది.
నాప్కిన్ మీద లెక్క వేశాడు, కొట్టేశాడు, మళ్లీ వేశాడు.
ఎనిమిది వంతులు. పన్నెండు యూనిట్లు.
చొక్కా అంచు ఎత్తి గుచ్చుకున్నాడు.
మొదటి చెంచాకి
"మరీ పుల్లగా ఉంది" అన్నాడు.
గిన్నె అడుగు గీకుతూనే ఉన్నాడు.

సాయంత్రం మీటరులో అంకె కాస్త ఎక్కువే.
"కస్టర్డ్ తప్పు లెక్కేశాను" అన్నాడు విల్ఫ్,
వాన పడేట్టుంది అన్నంత మామూలుగా.
తప్పు చేశాననలేదు. తలా దించుకోలేదు.
అలా అనొచ్చని
ఇరవై మూడేళ్లలో నాకెవరూ చెప్పలేదు.

బస్టాపులో చేప, చిప్స్ పొట్లం విప్పాను.
చేపని ఓ పక్కకి జరిపి
ఆవిరిలోంచి చిప్స్ వంక చూశాను.
నూట ఎనభై.
ఊహూఁ. రెండొందలు ఉంటాయి.
పూత సంగతి మర్చిపోయాను, ఆగు.