ఈసారి సముద్రం కాదు

కేజీహెచ్ మార్చురీలో ఏసీ మళ్లీ చెడింది.
"నీట మునిగి" అని
ఎస్సై ముందే రాసేసుకున్నాడు.

సూరాడ ఎల్లాజీ, ముప్పై నాలుగు.
హార్బరు జెట్టీ కింద దొరికాడు.
జేబులో తడిసిన డీజిల్ చీటీ, రెండు వేరుశనగ గింజలు.

ఊపిరితిత్తులు కోసి చూశాను.
నురగ లేదు, ఇసుక లేదు.
నీళ్లలో పడేసరికే
ఊపిరి మానేసిన మనిషి.
మెడ పొరలు ఒక్కొక్కటే విప్పుతుంటే
పైడయ్య లైటు కిందికి వంచాడు.
నాలుక మొదట్లో లాడంలాంటి చిన్న ఎముక,
ఎడమ కొమ్ము విరిగి, చుట్టూ నెత్తురు కమిలి.
కెరటానికి బొటనవేలుండదు.

గోళ్ల కింద గీకింది కవరులో పెట్టి
లక్క సీలు వేశాను.

బయట వాళ్లమ్మ:
"గంగమ్మే అట్టుకుపోనాదమ్మా,
మా పెద్దోణ్ణీ అలాగే..."
రిపోర్టు వెళ్లేదాకా నేనేమీ అనకూడదు.
పక్కనే, బోటులో తోడెళ్లినవాడు,
మార్చి ఉక్కలో
మణికట్టు దాకా గుండీలు పెట్టిన చొక్కాతో
ఆమెకు మజ్జిగ ప్యాకెట్టు కొరికి ఇస్తున్నాడు.

సాయంత్రం బీచ్ రోడ్డులో స్కూటరాపి
కాసేపు సముద్రాన్ని చూశాను,
చేయని నేరానికి
పొద్దుటి నుంచీ స్టేషన్లో కూర్చోబెట్టిన
పాత కేడీని చూసినట్టు.