ఎండకి మస్టరు

కొత్తమడి దగ్గర బస్సు దిగితే
ఎడమచేతి వైపు తెల్లగా ఉండేది.
ఇప్పుడు నల్లగా ఉంది.
కొత్తవాళ్లు చెరువనుకుంటారు.
మొదటేడు నీటికోళ్లూ అలాగే అనుకుని
దిగబోయి, గోళ్లు జారి,
సిగ్గుపడినట్టు లేచిపోయాయి.

ఆ నల్లచెరువుని నేను కడుగుతాను.
తెల్లారకముందే మొదలుపెట్టాలి,
గాజు వేడెక్కాక చన్నీళ్లు పడితే
చిట్లుతుందని సూపర్వైజరు భయం.
కడిగేది మంచినీళ్లతో.
టెక్కలి వైపు నుంచి ట్యాంకరు వస్తుంది.
ఉప్పునీళ్లయితే పలకల మీద మచ్చలు పడతాయట.
మా వీధి బోరు కొడితే
పప్పు ఉడకని నీళ్లొస్తాయి.
మా గిన్నెల మీద మచ్చల సంగతి
ఎవరూ అడగలేదు.

మా అమ్మ తవిటమ్మ
ముప్పయ్యేళ్లు ఈ నేల మీదే ఉప్పు లాగింది.
సరిగ్గా పదిహేడో వరుస కింద ఆమె మడి.
ఆమెదంటే ఆమెది కాదు,
కాగితంలో లీజు బరంపురం షావుకారుది.
పగిలిన మడమలు మాత్రం ఆమెవి.

"సూరీడు మనకి కొత్తేటే?
ఆడూ నానూ కలిసే కూలి సేసినాం.
నాను నీళ్లు కడితే ఆడు తాగీసీవోడు,
ఆడు తాగినాక అడుగున మిగిలింది నాను లాగీదాన్ని.
ఇద్దరికీ మస్టర్లో పేరు నేదు."

ఇప్పుడు వాడికి మస్టరుంది.
నిమిషం నిమిషం రాస్తారు.
మబ్బు పట్టి వాడు పావుగంట నాగా పెడితే
హైదరాబాదులో ఎవరికో ఫోను మోగుతుంది.
మా అమ్మ పని మానేసిన రోజు
కొట్లో అరువు పుస్తకం ఒక్కటే గుర్తుపెట్టుకుంది.
పరిహారం లీజు చూసి ఇచ్చారు.
మడమలు చూసి కాదు.

అబద్ధమెందుకు, ఎండని నేను తిట్టలేను.
బొగ్గు కంపెనీ వస్తానన్న ఏడాది
రోడ్డు మీద కూర్చున్నవాళ్లలో మేమున్నాం.
బూడిద ఉప్పులో పడకూడదన్నాం.
"ఎండ తెండి, గాలి తెండి" అని
అట్టముక్క మీద సున్నంతో రాసింది నేనే,
ఏడో తరగతి అక్షరాలతో.
తెచ్చారు.
రాసిన చేత్తోనే ఇప్పుడు గుడ్డ పిండుతున్నాను.

ఇంకోటి కూడా తెలుసు.
వైశాఖంలో పడకూడని వాన పడి
మూడేళ్లు వరసగా
కుప్పలు కుప్పలుగా ఉప్పు కరిగి
వచ్చిన దారినే సముద్రానికి పోయింది.
పలకలు రాకముందే మడి సగం చచ్చింది.
ఆ వాన ఎవరి పొగలో పుట్టిందో
మస్టరు తీసి చూపించేవాడు లేడు.

సైటు ఇంజనీరు ప్రద్యుమ్న ఇచ్ఛాపురం కుర్రాడు.
"ఇన్ని వేల టన్నుల బొగ్గు కాలకుండా ఆపామక్కా" అంటాడు.
నమ్ముతాను. వాడి కళ్లలో దొంగతనం లేదు.
"ఆపిన బొగ్గుని లెక్కపెట్టగలిగినోడివి,
ఆగిపోయిన మనుషుల్ని లెక్కపెట్టవా?" అంటే
టోపీ తీసి తల గోక్కుంటాడు.
"ఆ గడి నా షీట్లో లేదక్కా."

మొన్న అన్నం కేరేజీ ఇవ్వడానికి
అమ్మ గేటు దాటి లోపలికొచ్చింది.
పదిహేడో వరుస దగ్గర ఆగింది.
పలకల నీడలో, ఇనప కాళ్ల చుట్టూ
నేల ఊటకి తెల్లగా పొర కట్టి ఉంది,
ఎవరూ కట్టని నీళ్లు, ఎవరూ లాగని ఉప్పు.
గోటితో గీకి నాలిక మీద వేసుకుంది.
"సేదు తగ్గనేదు" అంది,
పాత చుట్టాన్ని పలకరించినట్టు.

అప్పుడు ప్రద్యుమ్నని పిలిచి అడిగింది:
"బావూ, ఈ వరసకీ ఆ వరసకీ మజ్జిన
ఆరడుగులు ఒగ్గీసినారు కదా,
ఇది ఎవులి పేరు మీదున్నాది?"

వాడు ప్లాను విప్పి చూశాడు.
తిప్పి చూశాడు.
దానికి పేరు లేదు.

పేరు లేని చోట పనిచెయ్యడం
మా అమ్మకి అలవాటే.
చెప్పులు విప్పి పక్కన పెట్టి
అక్కడే కూర్చుంది.