సున్నా రేకు

ఏటుకూరు రోడ్డులో నా కొట్టు.
లారీ సీట్లకు కవర్లు కుడతాను.
మాఘమాసంలో ఒకనాడు
కోల్డ్ స్టోరేజీ వారి గుమస్తా వచ్చి
భుజాలకు కట్టుకునే గట్టి దిండ్లు నలభై
బల్ల మీద కుమ్మరించాడు.
"వీటికి పట్టీలు బిగించాలి సుభానీ."
ఎవరికంటే
అమెరికా ఫుట్‌బాల్ జట్టుకన్నాడు.
గుంటూరుకా అన్నాను.
ఏం, గుంటూరుకు భుజాల్లేవా అన్నాడు.

పేరు ముందు గిత్తలనుకున్నారట.
ఒంగోలు వాళ్ళు ఊరుకోరని
కోడెలని మార్చారు.
కాడి మోపని వయసే అందరిదీ,
ఒక్క అంకబాబుది తప్ప.
వాడు పదిహేనో ఏటినుంచే
యార్డులో మిర్చి టిక్కీలు మోస్తున్నాడు.
కబడ్డీలో మోకాలు పోగొట్టుకున్న ప్రభుదాసు,
పోలీసు సెలక్షన్లో అర సెంటీమీటరు తక్కువై
తిరిగొచ్చిన నాగుల్ మీరా.
నెలకు పదహారు వేలు, రెండు పూటలా గుడ్లు.
బంతిని చూసి మా అమ్మాయి
దోసకాయలా ఉందేంటి నాన్నా అంది.
పడితే అది ఎటు ఎగురుతుందో
కుట్టినవాడికి కూడా తెలియదు.

మొదటి ఆట నలభై ఒకటికి సున్నా.
రెండోది ముప్పై ఎనిమిదికి.
మూడో ఆటనాడు గాలి యార్డు మీదుగా తిరిగింది.
మైదానమంతా మిరప ఘాటు.
విశాఖ కుర్రాళ్ళు హెల్మెట్లలోనే తుమ్మారు.
కళ్ళు తుడుచుకుందామంటే కమ్మీలు అడ్డం.
ఇవాళ మనదేరా అని అందరం లేచి నిలబడ్డాం.
తుమ్ముతూ తుమ్ముతూనే
ఇరవై ఏడు కొట్టి వెళ్ళారు.

సోమవారం సోమవారం
గోనెసంచిలో దిండ్లు నా కొట్టుకొచ్చేవి,
ఎండిన చెమట చారలతో,
ఉప్పుచేపల బుట్ట వాసనతో.
ఎవడు ఎవణ్ని ఎంత బలంగా గుద్దాడో
తెగిన దారం నాకు చెప్పేది.
అంకబాబుది ఎప్పుడూ ఎడమవైపే తెగేది.
టిక్కీ ఎత్తుకునే భుజం అది,
ఆటలోనూ దాన్నే ముందు పెడతాడు.
ప్రభుదాసు దిండు నలిగేది కాదు.
వాడు బెంచీ మీద ఉన్నాడని తెలిసిపోయేది.

రోహిణిలో రోళ్ళు పగలడం మాటేమోగానీ
హెల్మెట్లలో స్పాంజి ఊడి చేతికొచ్చింది.
ఏడో ఆటకు జీతాలు ఆగాయి,
గుడ్లు ఒక పూటకొచ్చాయి,
బజ్జీల బండి రావడం మానేసింది.
చూసేవాళ్ళు వందమంది,
అందులో సగం నీడ కోసం.
ఇంకా ఎందుకు ఆడటమని
నాగుల్ మీరాని అడిగాను.
టీ గ్లాసులో అడుగు చూస్తూ అన్నాడు:
"మానేస్తే మళ్ళీ సెలక్షన్లకు పోవాలి భాయ్.
అక్కడ కొలుస్తారు.
ఇక్కడైతే గుద్దుతారు, అంతే."

పదో ఆట, ఆఖరుది.
కొట్టు మూసి నేనూ వెళ్ళాను.
స్కోరు బోర్డు ఆకుపచ్చ చెక్క,
అంకెలు రేకు కోసి చేసినవి.
మా వైపు మేకుకు సున్నా
ఫాల్గుణం నుంచి వేలాడుతూనే ఉంది.
ఎవరూ దించలేదు, దించే పని పడలేదు.

నాలుగో భాగంలో నెల్లూరు వాడి చేతిలోంచి
దోసకాయ జారింది.
రెండుసార్లు తప్పుడు గెంతులు గెంతి
ప్రభుదాసు పొట్టకొచ్చి తగిలింది.
వాడు పరిగెత్తాడని అనలేను.
మంచి కాలు ముందేసి,
చెడ్డ కాలిని ఈడ్చుకుంటూ,
మధ్యలో ఒకసారి తప్పు దిక్కుకు తిరిగి,
అంకబాబు ఎడమ భుజం చాటున
చాలాసేపు వెళ్ళాడు.

ఆరు.
రేకులు మార్చే కుర్రాడు బిక్కమొహం వేశాడు.
అవతల ఇరవై ఆరు.
ఉన్న ఒక్క ఆరూ అక్కడే ఉంది.
తొమ్మిదిని తలకిందులు చేసి తెచ్చి
మా సున్నా దించాడు.
నాలుగు నెలల ఎండకు బోర్డంతా వెలిసిపోయి
రేకు ఉన్నంత మేరే
ముదురాకు రంగు మిగిలింది.
తీశాక కూడా అక్కడ
సున్నాయే ఉంది.
దానిమీదే తగిలించాడు తొమ్మిదిని.

అదనపు తన్ను గోడ దాటి
ఆటో స్టాండులో పడింది.
ఆట అక్కడికి ముగిసినట్టే.

నాకు రావలసింది పదకొండు వేల నాలుగొందలు.
గుమస్తా ఫోను ఎత్తడు.
తరువాతి సోమవారం సంచి రాలేదు.
ఆ వాసన లేక
కొట్టు కొత్తగా అనిపించింది.

యార్డు సెలవులయ్యాక అంకబాబు వచ్చాడు.
చంకలో పాత దిండు.
టిక్కీ కింద పెట్టుకోవడానికి
చిన్నది చేసి కుట్టమన్నాడు.
ఎడమవైపేగా అన్నాను.
నవ్వాడు.
రెండు పేటల దారం వేశాను.