పదకొండో మాత్ర

పోస్టాఫీసు అమ్మాయి సంతకం పెట్టమంది.
కలం అందుకోబోతే చెయ్యి వణికింది.
"మందులా?" అంది జాలిగా.
కాదమ్మా, పాటలు.
ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత
"చల్లని లాంతరు" మళ్ళీ వెలిగింది.
నలుగురూ. అదే నలుగురూ.
నువ్వు పుట్టకముందే కొట్టుకుని విడిపోయినవాళ్ళు.

వూచ్ నగరంలో నవంబరంటే
మూడున్నరకే చీకటి.
ట్రాములో ఆ పొట్లాన్ని కోటు లోపల దాచుకున్నాను,
కోడిపిల్లను దాచుకున్నట్టు.
ఇంటిదాకా విప్పకూడదనుకున్నాను.
రెండో స్టాపు దగ్గరే గోటితో ఓ మూల చింపాను.
కొత్త అట్ట, కొత్త జిగురు.
అరవై మూడేళ్ళవాణ్ణి,
నలుగురి మధ్యా అట్ట వాసన చూస్తున్నాను.

ఎనభై రెండులో ఊరంతా కర్ఫ్యూ.
రాత్రి పదకొండు దాటితే
వీధిలో సైనికులూ మంచూ.
లెశెక్ గది కిటికీకి దుప్పటి కట్టి
వాళ్ళ రెండో రికార్డు పెట్టుకునేవాళ్ళం.
ఒక పక్కంతా ఒకటే పాట, ఇరవై రెండు నిమిషాలు.
"అంత పొడుగా?" అనేవాళ్ళు మిగతావాళ్ళు.
తెల్లారేదాకా తలుపు తీయలేని మాకు
అది బొత్తిగా సరిపోయేది కాదు.

లిఫ్టులు బాగుచేసే పని నాది.
పదకొండు అంతస్తుల బ్లాకులు,
అంతస్తుకో టిక్కు.
వాళ్ళ పాటా పదకొండు మాత్రలే:
తకధిమి తకధిమి తకిట,
తకధిమి తకధిమి తకిట.
ముప్పై తొమ్మిదేళ్ళు ఆ లెక్కమీదే ఎక్కాను, దిగాను.
పెదాలు ఆడుతుంటే చూసి
భక్తుణ్ణనుకున్నాడు మా ఫోర్‌మన్.

సూది దించాను.
గొంతు కిందికి జారింది, నిజమే.
ఎత్తుకి ఎగబాకే చోట
మెట్ల మలుపులో ఊపిరి తీసుకునే మనిషిలా
ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ఎక్కాడు.
గిటారు ఇదివరకులా పరుగెత్తదు.
ఎక్కడికెళ్ళాలో తెలిసినవాడి నడక.
ఆర్గనైతే, అబ్బ, ఆ ఆర్గన్!

హలీనా తొమ్మిదో నిమిషానికే నిద్రపోయింది.
పద్నాలుగో నిమిషంలో డ్రమ్ములు వడగళ్ళై కురిస్తే లేచి
"ఇంకా అదే పాటా?" అంది.
అదే! అదే! అన్నాను, లాటరీ తగిలినవాడిలా.
కింది ఫ్లాటు పాని గ్రాజినా
రేడియేటరు గొట్టం మీద గరిటెతో కొట్టింది,
నాలుగు మాత్రల్లో.
పాపం, ఆవిడకి లెక్క అందలేదు.

రెండు కాపీలు తెప్పించాను.
ఒకటి వినడానికి,
ఒకటి దాచుకోడానికని హలీనాకి చెప్పాను.
లెశెక్‌తో తొంభై ఆరు నుంచీ మాటల్లేవు.
కారణం చెబితే నవ్వుతారు:
వాడి బావమరిది వ్యాను, నా డబ్బు, ఒక బ్రేకు.
రెండోదాన్ని గ్డీనియాలో వాడి చిరునామాకి పంపాను.
ఉత్తరం పెట్టలేదు. ఏం రాయను?

పందొమ్మిది రోజులకి ఒక కార్డు వచ్చింది.
"రెండో పక్క. 9వ నిమిషం.
విటోల్డ్ ఒక మాత్ర మింగేశాడు.
ముసలాడైపోయాడు."
అంతే. పేరు లేదు.
తొమ్మిదిని తలకిందుల ఆరులా గీసే తీరు
వాడిది గాక ఇంకెవరిది?

ఒళ్ళు మండింది.
విటోల్డ్ మాత్ర తప్పడమా!
దీపం వేసి, కళ్ళద్దాలు పెట్టుకుని
(వినడానికి కళ్ళద్దాలెందుకో)
ఆ చోట సూది పెట్టాను.
తకధిమి, తకధిమి, తకి…

లేదు.
పదకొండో అంతస్తు దగ్గర టిక్కు పడలేదు.
ఆర్గన్ తలెత్తి చూసినట్టయింది.
బేసు అడుగు ఎత్తి, దించకుండా నిలబడింది.
తర్వాత నలుగురూ ఒక్కసారి
మళ్ళీ ఒకటో మాత్ర మీదికి దూకారు.

స్టూడియోలో సరిచేయడం ఎంతసేపు?
చేయలేదు. అలాగే ఉంచేశారు.
ఇప్పటికి పదహారుసార్లు విన్నాను ఆ ఖాళీని.

పొద్దున్నే కార్డు కొన్నాను.
"తప్పలేదు. కావాలనే వదిలాడు.
నీకు చెవుడు" అని రాశాను.
మొదటి రెండూ అబద్ధాలే.
వాడు ఊరుకోడు.