కుదురు

పెండ్లిళ్ల సీజన్ల మా లేజర్ మిషన్‌కు నిద్ర లేదు.
పొద్దుందాక పేర్లే కోస్తది,
పిల్ల పేరు, పిలగాని పేరు, నడుమల రెండు చిలుకలు.
ఖలీల్ భాయ్ షట్టర్ సగం దించి
"ఇగ నీ పని చేస్కో స్వరూపా, నేనేం చూడలే" అని పోయిండు.
మహబూబ్‌నగర్ న్యూటౌన్ల రాత్రి తొమ్మిదిన్నర.
మూలకు తుంట చెక్కల కుప్ప.
నాకు ఒక కుదురు కావాలె.

మేనత్త జంగమ్మ కొత్త రంజన్ కొన్నది,
కింద నల్లా ఉన్నది, అడుగేమో గుండ్రం,
ఎటు పెట్టినా ఒరుగుతది.
పాతచీర చుట్టి పెడితే తడిసి ముక్క వాసన.
ఫ్రిజ్ నీళ్లు పండ్లకు జివ్వుమంటయని ఆమె ముట్టదు.

చిన్నప్పుడు ఆమె నోట్ల నా పేరు ఒక్కటే,
కుదురు లేనిది.
అన్నం ముంగట కుదురు లేదు, బడికాడ కుదురు లేదు,
చేతిల గేమ్ డబ్బా ఉంటె ఇల్లు అంటుకున్నా లేవదు.
ఆ డబ్బా కొనిచ్చింది ఆమెనే,
పుణె ఫుట్‌పాత్ మీద, బ్రిడ్జి పనిల ఒక దినం కూలి పెట్టి.
అగ్గిపెట్టెంత తెర, రెండు పెన్సిల్ సెల్లులు.
పైనుంచి ఇటుకలు రాలుతయి,
తిప్పి తిప్పి సందుల కూసోబెట్టాలె.

ఏడు తీర్ల ఇటుకలు.
కంప్యూటర్ల గీస్తుంటె ఒక్కటి గూడ మర్చిపోలే,
బొటనవేలికి యాదికున్నయి:
చౌకం, మెట్టు, ఎదురు మెట్టు,
కొడవలి, తిరగేసిన కొడవలి,
నడుమ ముక్కు లేచినది,
ఇగ పొడుగు పుల్ల.

మొదటిది ఎండీఎఫ్ చెక్కల కోసిన.
వెలుగు సన్నగ దిగింది, పొగ లేచింది, అంచులు బెల్లం రంగు.
పేర్చి చూస్తే లొడలొడ.
వెలుగు గూడ తింటదని అప్పుడు తెలిసింది,
వెంట్రుకంతనే, కాని ప్రతి గీతకు తింటది.
ఆ వెంట్రుక కలిపి మళ్ల గీసిన, మళ్ల కోసిన.
టక్కున కూసున్నయి.
రంజన్‌కు చెమట పట్టి రెండు దినాలల్ల
ఇటుకలన్ని పూరీల లెక్క ఉబ్బినయి.

మూడోసారి అక్రిలిక్.
ఎవరిదో నేమ్‌ప్లేట్ల మిగిలిన ఎరుపు, పసుపు,
పెండ్లి చిలుకల ఆకుపచ్చ.
సగం కోతల కరెంటు పోయింది.
చీకట్ల కూసొని ఒక్కదాన్నే నవ్విన.
ఆట ఆగితే మొదటి నుంచే గద.

ఆ ఆటల ఒక్క సంగతి నాకప్పుడు మింగుడు పడలే:
వరుస నిండితే మాయమైతది.
మంచిగ పేర్చినదాన్కి గుర్తే ఉండదు,
తప్పు పెట్టినయే గుట్ట పడి మీదికొస్తయి.
అత్త కట్టిన బ్రిడ్జిలు గూడ గట్లనే,
నిండంగనే డేరా ఎత్తుడు, ఇంకో ఊరు.
పదకొండు నెలలు బయట, ఒక నెల ఇంట్ల.
నాకు కుదురు లేదన్న నోరు
ఏ రాత్రి ఏ పరదా కింద పండిందో
నేనెన్నడు అడగలే.

తెల్లారి తెచ్చి అరుగు మీద పెట్టిన.
కండ్లద్దాలు ఎక్కిచ్చుకొని అటుతిప్పి ఇటుతిప్పి చూసింది.
నాలుగు గదుల సందుకాడ వేలు ఆగింది.
"ఇదేందే, ఈడ పోయింది?"
"పోలే అత్తా. నీళ్లు జారనీకి ఇడిసిన."
ఆమె వేలు ఆ సందుల పైనుంచి కిందికి దించింది, మెల్లగ.
"పొడుగు పుల్లది గద ఈ జాగ.
అంత మునిగినంక వస్తది దొంగది."

నేను తెరిచిన నోరు తెరిచినట్లే.
"ఒక యేడు డబ్బా పోయిందని ఏడ్సినవ్ సూడు,
గాదె కింద దొరికిందని మళ్ల ఇచ్చిన.
గాదె కింద గాదు. నాతోటి పుణె పోయొచ్చింది.
రాత్రి లైన్లు తీస్తుంటె
పక్క డేరోల్లు గూడ వచ్చి కూసుందురు."

రంజన్ ఎత్తి కుదురు మీద పెట్టింది.
ఒరగలే.
నల్లా కిందికి గ్లాసు తోసింది, పట్టలే.
"ఎత్తు సాలదే," అన్నది,
"ఇంకో రెండు వరుసలు లేపు."