నిద్ర గడి

ఎక్కాల పుస్తకం మీద చెంప ఆనించి
మళ్లీ నిద్రపోయినాడు లోహిత్.
చొంగ కారి
ఏడు ఆర్లు నలభై రెండు
నానిపోయింది.

మొదటి వారం లేపినాను.
రెండో వారం నిలబెట్టినాను;
గోడ సున్నం వీపుకంటించుకోని
నిలబడే నిద్రపోయినాడు.
మూడో వారం స్కేలు తీసినాను,
చెప్పుకోడానికి సిగ్గుగానే ఉండాది.
ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండగా
పక్క బెంచీలో నిస్సి లేచి
"కొట్టొద్దు టీచర్,
రేత్రి ఏనుగులొచ్చినాయి" అనింది.

పలమనేరులో ఆటో ఎక్కి, తారు తెగిపోయినచోట దిగి
రెండు మైళ్లు నడిస్తే మా బడి.
బడి వెనక మామిడి తోపు, తోపు వెనక అడివి.
పొద్దుగూకితే నేను పలమనేరులో
ఫ్యాను కింద పండుకుంటాను.
పొద్దుగూకినాక వీళ్ల సంగతేమో
పన్నెండేండ్ల సర్వీసులో
ఒక్కనాడూ అడగలేదు.

వాళ్లమ్మ బెంగుళూరులో ఇండ్లపని.
బిడ్డని ఒంటిగా ఇంట్లో వదల్లేక
వాళ్ల నాయన టమోటా మడికాడికి తోడు తీసకపోతాడు.
నాయన డబ్బా కొడతాడు, టపాసు అంటిస్తాడు,
వీడు బ్యాటరీ లైటు పట్టుకుంటాడు.
"చెయ్యి వణికితే వెలుతురు వణుకుతుంది టీచర్,
అప్పుడు ఏనుగు మనల్ని కనిపెట్టేస్తుంది."
ఎనిమిదేండ్లు వాడికి.

ఆ పొద్దు పాఠం మూసి అడిగినాను:
రేత్రి నిండా నిద్రపోయినోళ్లు చెయ్యెత్తండి.
పంతొమ్మిది మందికి ఏడు చేతులు.
ముబీన తమ్ముడికి జరమంట, తెల్లారేదాకా ఉయ్యాల ఊపిందంట.
ఇద్దరు పెండ్లికి పోయినారంట, అది సంతోషం లెక్క.
గంగోత్రి చెయ్యి
భుజం దాకా లేచి
అక్కడే ఆగి
జడ సర్దుకున్నట్టు నటించి దిగిపోయింది.

నా ఫోన్లో అన్నిటికీ గడులుండాయి.
గుడ్లెన్ని, చిక్కీలెన్ని,
మరుగుదొడ్డి ఫోటో లోపలొకటి బయటొకటి.
నిద్రకి లేదు.
హాజరు పట్టీ చివరి పేజీలో
ఎర్ర పెన్నుతో నేనే గీసినాను.
పోయినోళ్లకి టిక్కు,
పోనోళ్లకి సున్న,
గంగోత్రికి ఏం పెట్టాలో తెలీక
చిన్న చుక్క.

వంట చెంగమ్మ తన పాత చీర తెచ్చి
నాలుగు మడతలేసి బీరువా వెనక పరిచింది.
"పండుకోనీమ్మా బిడ్డని.
ఎక్కాలు యాడికి పోతాయి,
వాటికేమన్నా కాళ్లుండాయా?"

శుక్రవారం ఎంఈవో సారు చెప్పకుండా దిగినారు.
బీరువా చాటు నుంచి లోహిత్ పాదాలు రెండూ
బయటికే ఉండాయి,
ఒకదానికి మడి బురద ఎండిపోయి.
"ఏడో ఎక్కం చెప్పండి" అన్నారు సారు.
ఎవరు నేర్పినారో, నేనైతే నేర్పలేదు,
పద్దెనిమిది మందీ లేచి గుసగుసగా అందుకున్నారు
ఏడొకట్ల ఏడు, ఏడు రెళ్లు పద్నాలుగు,
వానకి ముందు తోపులో ఆకులు కదిలినట్టు,
ఏడు ఆర్లకాడ గొంతు ఇంకొంచెం దించి.

సారు ఆ పాదాలు చూసినారో లేదో.
తనిఖీ పుస్తకంలో రాసింది ఇంతే:
"పిల్లలకు ఎక్కాలు వచ్చును.
గొంతు పెంచవలెను."

ఉడికిన గుడ్డు వాసనకి లేచినాడు లోహిత్.
"పోయినాయా టీచర్?"
కండ్లు ఇంకా మడికాడే ఉండాయి.
పోయినాయి నాయనా, అన్నాను.
గుడ్డు వొలిచి చేతిలో పెట్టినాను.

నెల గడిచింది.
గంగోత్రి పేరు పక్కన ఇరవై రెండు చుక్కలు.
నేను అడగలేదు, అది చెప్పలేదు.
అడిగే మాట ఇంకా దొరకలేదు నాకు.
నిన్న మధ్యాన్నం మాత్రం
బీరువా పక్కకి వచ్చి
చీర అంచు తొక్కకుండా
గమ్మున నిలబడి చూసిపోయింది.

చెంగమ్మకి చెప్పాలి,
రేపట్నించి
రెండు మడతలే వెయ్యమని.