బూటు బొమ్మ

బురేలా రేవులో, చేపల వాసన వదలని గది.
కసీల్దా టీచరు బోర్డు మీద బూటు గీసింది.
"దీని లోపల ధాతువు విరుగుతుంది.
నేను: దువెర్మో. నువ్వు: దువెర్మెస్."
గుమ్మం దగ్గర దెంబా రబ్బరు బూట్లు
ఇంకా ఉప్పునీళ్లు కారుస్తున్నాయి.

రాత్రంతా వల లాగినవాడు
'నిద్రపోతున్నాను' అనబోయి నిజంగానే తూగాడు.
"దొర్మో..."
"బరువు పడ్డచోట 'ఓ' చిట్లాలి, నాయనా!
'మేము' అన్నావో, బరువు తోకకి జారుతుంది,
ధాతువు బతికిపోతుంది: దొర్మీమొస్."

దెంబా నడుం నిమురుకున్నాడు.
ఒక్కడే లాగితే ఏది చిట్లుతుందో
వాడికొకరు చెప్పాలా?

తర్వాతి క్రియ, తిరిగి రావడం.
బువెల్బో, బువెల్బెస్, బువెల్బె...
బొల్బేమొస్ దగ్గర వాడు చెయ్యెత్తాడు:
"ఇందులో మీరూ ఉన్నారా, మేడమ్?"

సుద్దముక్క ఆగింది.
మేమా, మనమా?
ఆ భాషలో రెండూ ఒకటే మాట.